పి0010 కోడ్: స్కానర్, మీటర్, పాత బల్బు... తప్పు పట్టింది ఏది?

నమస్తే అండి. ఈ టేబుల్ మీద మూడు వస్తువులున్నాయి చూడండి. ఒకటి బ్లూటూత్ ఓబీడీ స్కానర్, అంటే కారు కంప్యూటర్‌లో పడిన లోపాల కోడ్‌లు చదివేది. రెండోది డిజిటల్ మల్టీమీటర్. మూడోది... నవ్వకండి, కారు పార్కింగ్ లైటు బల్బు. 5 వాట్లది. దానికి రెండు వైర్లు కట్టి, ఒకదాని చివర క్లిప్పు, ఇంకోదాని చివర సన్న పిన్ను పెట్టాను. ఇవాళ రివ్యూ ఈ మూడింటికీ. మూడు వారాలు నా కారు నన్ను తిప్పిన తిప్పల్లో ఏది ఎంత పనికొచ్చిందో ఉన్నదున్నట్టు చెబుతాను.

మాది పెట్రోల్ బండి, నాలుగు సిలిండర్లు. బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే మూడో గేరులో నీరసంగా లాగింది, చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. ఐడ్లింగ్, అంటే బండి ఆగి ఇంజిన్ తిరగడం, మాత్రం శుభ్రంగా ఉంది. ఒక గ్యారేజీలో చూపిస్తే, "సార్, వీవీటీ పోయింది, గేరూ చెయినూ మొత్తం మార్చాలి" అన్నారు. వీవీటీ అంటే వాల్వులు తెరుచుకునే టైమింగ్ మార్చే ఏర్పాటు, వాల్వుల్ని తెరిచే క్యామ్ షాఫ్టు చివర ఉండే గేరు దానిదే. ఇంజిన్ ముందు భాగం విప్పే పని అది. వింటేనే టెన్షన్ వచ్చి ఇంటికొచ్చేశాను.

ముందు స్కానర్. పెట్టగానే పి0010 అని చూపించింది. ఇక్కడ కాస్త ఆగాలి. పి0010 అంటే ఇన్‌టేక్ (గాలి లోపలికొచ్చే) క్యామ్ వైపు కంట్రోల్ సర్క్యూట్‌లో లోపం. అంటే కరెంటు గొడవ. పి0011 అంటే క్యామ్ టైమింగ్ ఉండాల్సిన దానికంటే అడ్వాన్స్ అయిందని. అక్కడ ఆయిల్ లెవెల్, గ్రేడు, మడ్డి, ఆయిల్ వాల్వ్ జాలీ చూసుకోవాలి. పక్కపక్క నంబర్లే గానీ రోగాలు వేరు. చెయిన్ సాగితే మామూలుగా పి0010 రాదు. ఈ ఒక్క తేడా తెలియక ఎంతమంది గేర్లు మార్పించుకున్నారో!

స్కానర్‌లో నాకు నచ్చింది ఫ్రీజ్ ఫ్రేమ్. తప్పు పడిన క్షణంలో బండి ఏ స్థితిలో ఉందో రాసిపెడుతుంది. నాకు 1900 ఆర్‌పీఎమ్, ఇంజిన్ వేడి 91 డిగ్రీలు అని చూపించింది. అంటే చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉండి, వేడెక్కి, అదిరేటప్పుడు తప్పుతోంది. నచ్చనిది కూడా చెప్పాలి, క్యామ్ యాంగిల్ లైవ్‌గా ఇది చూపించదు. కోడ్ చదవడానికి ఓకే, అంతకుమించి ఆశించొద్దు.

ఇక మల్టీమీటర్. ఆయిల్ కంట్రోల్ వాల్వ్ అంటే క్యామ్ గేరులోకి ఆయిల్ ప్రెషర్ పంపే చిన్న సాలినాయిడ్. ఇందులో ఉన్నది ఒక కాయిల్, రెండు పిన్నులు. కనెక్టర్ పీకి ఓమ్స్ (కరెంటుకు అడ్డు) కొలిస్తే నాకు 7.4 వచ్చింది. చాలా టొయోటా ఇంజిన్లకు 20 డిగ్రీల దగ్గర 6.9 నుంచి 7.9 ఉండాలని మాన్యువల్ చెబుతుంది. మీ బండి రేంజ్ మీ మాన్యువల్‌లో చూసుకోండి. వేడి ఇంజిన్ మీద కొలిస్తే ఇదే కాయిల్ 9 దాటి చూపిస్తుంది, రాగి గుణం అది, కంగారు పడొద్దు. బ్యాటరీ నుంచి ఒక్క క్షణం 12 వోల్టులు తగిలిస్తే టిక్‌మంది. ఎక్కువసేపు ఉంచకండి, కాయిల్ కాలుతుంది.

తర్వాత ఇగ్నిషన్ ఆన్ చేసి, వైరు వైపు కనెక్టర్‌లో సప్లై పిన్ను దగ్గర వోల్టేజ్ చూశాను. 12.3. వైరు బాగుందనుకున్నాను. నేను పప్పులో కాలేసింది ఇక్కడే. సాలినాయిడే లోపల అప్పుడప్పుడూ తెగుతోందని తేల్చేసి ఆన్‌లైన్‌లో కొత్తది తెప్పించి బిగించాను. రెండు రోజులు లైటు రాలేదు. మూడో రోజు అదే కోడ్.

అప్పుడు ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరకెళ్లాను. ఆటో ఎలక్ట్రీషియన్. నా మీటర్ చూసి, "అది పక్కన పెట్టబ్బాయ్, బల్బు పెట్టు" అన్నాడు. "12 వస్తోంది కదా బాబాయ్" అన్నాను. "వస్తుంది. పని చేస్తుందా?" అన్నాడు.

ఇదిగో, ఆ రోజు తీసింది దగ్గరగా చూపిస్తాను. ఈ బల్బును నేరుగా బ్యాటరీకి పెడితే తెల్లగా వెలుగుతోంది. ఇప్పుడు క్లిప్పు బ్యాటరీ నెగటివ్‌కి, పిన్ను ఆ సప్లై పిన్నుకి. చూశారా, ఫిలమెంట్ ఎర్రటి దారంలా ఉంది, అంతే. వైరులో రాగి రెండు పోగులు కుళ్లి ఆనుకుని ఉన్నా మీటర్‌కు 12 కనిపిస్తుంది, ఎందుకంటే మీటర్ కరెంటు దాదాపు లాగదు. బల్బు 0.4 ఆంపియర్ లాగుతుంది. సాలినాయిడ్‌కు ఒకటిన్నర ఆంపియర్ పైనే కావాలి. బల్బే వెలగని చోట సాలినాయిడ్ ఏం కదులుతుంది?

జాగ్రత్త ఒకటుంది. బల్బు సప్లై వైరు మీదే. రెండోది ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) నుంచి వచ్చే కంట్రోల్ వైరు, దాని మీద పెట్టొద్దు. కొన్ని బండ్లలో రెండు వైర్లూ ఈసీయూకే వెళ్తాయి, అలాంటివాటికి ఈ టెస్ట్ వద్దు. పసుపు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, వాటి జోలికి అసలు పోవద్దు.

బాబాయ్ వైరును రెండు వేళ్లతో పట్టుకుని బెత్తెడు బెత్తెడు లాగుతూ పోయాడు. ఎక్కడో పాత రిపేరులో ఎవరో క్యామ్ కవర్ పక్కన కేబుల్ టై బిగించేశారు. ఆ టై కింద వైరు రబ్బరు బ్యాండులా సాగింది. పైన ఇన్సులేషన్‌కు గీత కూడా లేదు. కోస్తే లోపల పచ్చటి పొడి రాలింది.

మంచి రాగి కనిపించేదాకా రెండువైపులా కోసి, అదే మందం వైరు ముక్క వేసి, క్రింప్ చేసి (క్లిప్పు నొక్కి బిగించి), లోపల జిగురుండే, వేడికి ముడుచుకునే హీట్ ష్రింక్ గొట్టం తొడిగాడు. సోల్డర్ ఎందుకు పెట్టలేదని అడిగాను. అదిరే చోట సోల్డర్ బిర్రుగా అయి దాని పక్కనే మళ్లీ తెగుతుందట. మెలితిప్పి టేపు చుట్టడం గురించైతే ఆయన అన్న మాట వీడియోలో చెప్పలేను. బల్బు మళ్లీ పెడితే తెల్లగా వెలిగింది. కోడ్ చెరిపేసి, అదే ఫ్లైఓవర్ నాలుగుసార్లు ఎక్కించాను. ఇప్పటికి నెలన్నర, కోడ్ రాలేదు.

మార్కులా? స్కానర్‌కు పదికి ఆరు. మీటర్‌కు ఏడు, అది అబద్ధం చెప్పలేదు, నేనే తప్పుగా అడిగాను. బల్బుకు తొమ్మిది. ఒకటి తగ్గించింది ఎందుకంటే, అవగాహన లేకుండా ఎక్కడబడితే అక్కడ గుచ్చితే ఈసీయూకే ఎసరు పెడుతుంది.

ఆన్‌లైన్‌లో కొన్న సాలినాయిడ్ ఎలా ఉందని ఇన్‌స్టాలో అడిగారు. దాని తప్పేమీ లేదండి, 7.5 ఓమ్స్, టిక్‌మంటోంది. పాతదే మళ్లీ బిగించేశాను. రిటర్న్ గడువు అయిపోయింది, ఇదిగో డబ్బాలో కూర్చుంది.