అంబులెన్సులో కూర్చుని మొక్కుకోండి

(దివిసీమలో రైతులు, ఆశా కార్యకర్తలు, ఆర్‌ఎంపీల కోసం పెట్టిన పాముకాటు అవగాహన సభలో ఒక ప్రభుత్వ వైద్యుడి ప్రసంగ పాఠం)

పెద్దలకు, ఆశా అక్కలకు, ఆర్‌ఎంపీ మిత్రులకు నమస్కారం. ఊడ్పుల రోజుల్లో పూట పని మానుకుని వచ్చారు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

పాముకాటుకు మంత్రం వేసే మనిషి లేని ఊరు మన వైపు ఉందా? లేదు. ఆయన్ని తిట్టడానికి నేను రాలేదు. ఆయన దగ్గరకు వెళ్లి బతికి బట్టకట్టినవాళ్లు ఈ సభలోనే ఉంటారు, అది అబద్ధమని అనను. కానీ ఎందుకు బతికారో చూద్దాం. మన గట్ల మీద, పంటబోదెల్లో తిరిగే పాముల్లో ఎక్కువ భాగం విషం లేనివే. జెర్రిపోతు, నీరుకట్టు కరిస్తే గాటు పడుతుంది, గుండె దడదడలాడుతుంది, అంతే. పోనీ నాగుపామే కరిచిందనుకోండి, కరిచిన ప్రతిసారీ అది విషం దించదు. కాబట్టి మంత్రగాడి గుమ్మం తొక్కినవాళ్లలో చాలామంది ఆయన ఏం చేసినా, ఏం చెయ్యకపోయినా బతుకుతారు. బతికినవాడు ఊరంతా చెప్పుకుంటాడు. చచ్చిపోయినవాడికి మాత్రం ‘ఆయుష్షు తీరింది’ అంటాం. మంత్రానికి పేరు ఇలా వస్తుంది.

ఆ పేరును నమ్ముకుని నిజంగా విషమెక్కిన మనిషిని కూడా అదే గుమ్మం ముందు కూర్చోబెడుతున్నాం. పసరు పోస్తారు, నల్లరాయి అంటిస్తారు, వేపాకు నమిలించి చేదు తెలిసిందా అని అడుగుతారు, మిరపకాయ కొరికిస్తారు. ఈ వేపాకు పరీక్ష గురించి ఒక్కమాట చెప్పాలి. కట్లపాము విషం నరం నుంచి కండరానికి వెళ్లే కబురును ఆపేస్తుంది. రుచి తెలిపే నరాల జోలికి పోదు. చేదు తెలుస్తూనే ఉంటుంది, రెప్పలు వాలిపోతూనే ఉంటాయి.

కట్లపాము గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను. మన దగ్గర ముఖ్యంగా ప్రాణం తీసే నాలుగు పాముల్లో, అంటే నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజరల్లో, నాకు మిగతా మూడింటి కంటే దీనంటేనే భయం. నాగుపాము పడగ విప్పి బుస కొడుతుంది, రక్తపింజర కాటు మంటతో మనిషి గగ్గోలు పెడతాడు. కట్లపాముకి ఆ చప్పుడేమీ ఉండదు. రాత్రిపూట ఇంట్లోకి వస్తుంది, చాప మీద పడుకున్న మనిషిని నిద్రలోనే కాటేస్తుంది. నొప్పి దాదాపు ఉండదు, వాపు ఉండదు, గాటు వెతికినా కనిపించదు. తెల్లవారుజామున ఆ మనిషి లేచి కడుపులో నొప్పి అంటాడు, వాంతి చేసుకుంటాడు. రాత్రి తిన్న కూర పడలేదేమో అనుకుని ఇంట్లోవాళ్లు వాము నీళ్లు ఇస్తారు, లేదా ఆర్‌ఎంపీ గారు గ్యాస్ ఇంజెక్షన్ చేస్తారు. ఇంకాసేపటికి కళ్లు తెరవలేడు, గుటక పడదు, మాట ముద్దగా వస్తుంది. ఆ తర్వాత ఊపిరి.

ఆర్‌ఎంపీ మిత్రులకు ప్రత్యేకంగా చెబుతున్నాను. వానాకాలంలో, నేల మీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పితో వస్తే ముందు కళ్లు చూడండి. పైకి చూడమనండి, రెప్పలు ఎత్తలేకపోతే, ఒకే వస్తువు రెండుగా కనిపిస్తోందంటే, పాము కనపడిందా లేదా అని విచారణ పెట్టకండి. 108కి ఫోన్ చేయండి.

ఇంకో సంగతి. కట్లపాము విషంతో ఒళ్లంతా చచ్చుబడిన మనిషి శవంలా ఉంటాడు. కనుపాపలు పెద్దవై వెలుతురుకు కూడా కదలవు. అయినా మీరు పక్కన కూర్చుని ఏడ్చేది అతనికి వినపడుతూ ఉండవచ్చు. ఊపిరి ఆగకముందే గొట్టం వేసి వెంటిలేటర్ పెడితే, కొన్ని రోజుల తర్వాత కళ్లు తెరిచి నడుచుకుంటూ ఇంటికి వెళ్లే అవకాశం బాగా ఉంది. అందుకే ఆస్పత్రి చేరకుండా దారిలో ‘ప్రాణం పోయింది’ అని మీరు తీర్పు చెప్పి బండి వెనక్కి తిప్పొద్దు.

రక్తపింజర, చిన్నపింజరల దారి వేరు. వాటి విషం రక్తం గడ్డకట్టే గుణాన్నే పోగొడుతుంది. చిగుళ్ల నుంచి, మూత్రంలో రక్తం పడుతుంది. రక్తపింజర అయితే కిడ్నీలు దెబ్బతిని డయాలసిస్ దాకా వెళ్లొచ్చు. దీన్ని కనిపెట్టడానికి మేం చేసే పరీక్షకు పెద్ద యంత్రమేమీ అక్కర్లేదు. శుభ్రమైన, పొడిగా ఉన్న గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతాం. తర్వాత వంచి చూస్తాం. గడ్డకట్టకుండా నీళ్లలా జారితే విషం పనిచేస్తున్నట్టు. ప్లాస్టిక్ గొట్టం పనికిరాదు, సబ్బుతో కడిగిన గొట్టమూ పనికిరాదు, ఎందుకంటే గాజు గోడ తగిలితేనే గడ్డకట్టడం మొదలవుతుంది. ఈ 20 నిమిషాలు బంధువులు ‘డాక్టరు గొట్టం చూస్తూ కూర్చున్నాడు, వైద్యం చెయ్యట్లేదు’ అని గొడవ పడతారు. ఆ కూర్చోవడం కూడా వైద్యమేనండీ. లక్షణాల్లేకపోతే విరుగుడు ఇవ్వం, కానీ 24 గంటలు కనిపెట్టుకుని ఉంటాం. మధ్యలో సంతకం పెట్టి తీసుకుపోకండి.

విరుగుడు మందు గురించి. గుర్రాలకు కొద్దికొద్దిగా విషం ఎక్కించి, వాటి రక్తంలో పుట్టిన విరుగుడును వేరుచేసి దీన్ని తయారుచేస్తారు. ఆ విషాన్ని సేకరించడంలో తమిళనాడులో మహాబలిపురం దగ్గర 1978లో ఏర్పడిన ఇరుళ గిరిజనుల సహకార సంఘానిది పెద్ద చెయ్యి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటికీ ఒకటే మందు. అందుకని పాముని చంపి సంచిలో వేసుకుని రావక్కర్లేదు. దాన్ని వెంటాడబోయి రెండోవాడు కాటు తిన్న సందర్భాలూ ఉన్నాయి. దూరం నుంచి ఫోన్‌లో ఫొటో దొరికితే సరే, లేకపోతే లేదు. మామూలుగా 10 వయల్స్‌తో మొదలుపెట్టి సుమారు గంటలో సెలైన్‌తో ఎక్కిస్తాం. చిన్నపిల్లకైనా అంతే మోతాదు. పిల్లని చూసి పాము విషం తగ్గించి పెట్టదు కదా.

ఈ మందుకు ఒళ్లు దద్దుర్లెక్కడం, చలి వణుకు, ఒక్కోసారి బీపీ పడిపోవడం ఉంటాయి. వాటికి అడ్రినలిన్ ఇంజెక్షన్ పక్కనే సిద్ధంగా పెట్టుకుంటాం. ఈ రియాక్షన్‌కి భయపడి మా వైద్యుల్లో కొందరు మందు చేతిలో ఉంచుకుని కూడా ‘పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి’ అని చీటీ రాసేస్తారు. మా వాళ్లనే అంటున్నాను, తప్పు. విషం లక్షణాలు కనపడితే మొదటి మోతాదు దగ్గర్లోని పీహెచ్‌సీలోనే మొదలుపెట్టి, ఆ తర్వాత పంపాలి. మీరు కూడా అడగండి, ‘మందు మొదలుపెట్టి పంపండి డాక్టరు గారూ’ అని. అడిగే హక్కు మీకుంది.

మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో సుమారు 12 లక్షల మంది పోయారని 2020లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా వేసింది. ఏడాదికి సగటున 58 వేలు. సగం మరణాలు జూన్, సెప్టెంబరు మధ్యనే. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. 2018 ఆగస్టులో మన అవనిగడ్డ ప్రాంతంలో కాట్లు పెరిగినప్పుడు మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి సన్నిధిలో సర్పశాంతి హోమం చేశారు. స్వామి మీద నమ్మకం ఉంటే మొక్కుకోండి. అంబులెన్సులో కూర్చుని మొక్కుకోండి.

ఇక కాటు పడ్డాక ఇంటి దగ్గర చేయాల్సింది చాలా తక్కువ. ధైర్యం చెప్పండి. ఉంగరాలు, గాజులు, మెట్టెలు, మొలతాడు తీసేయండి, వాపు వస్తే అవి కోసుకుపోతాయి. నడవనివ్వొద్దు, పరుగు అసలే వద్దు. గాటు కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు, ఐసు పెట్టొద్దు. తాడుతో బిగించి కట్టొద్దు, పింజర కాటుకు అలా కట్టిన కాలు కుళ్లి తీసేయాల్సి రావచ్చు. ఎవరైనా అప్పటికే కట్టేసి ఉంటే దారిలో మీరు విప్పకండి, ఆగిన విషం ఒక్కసారిగా ఒంట్లోకి పోతుంది. ఆ పని ఆస్పత్రిలో చేస్తాం. ఆర్‌ఎంపీ మిత్రులు కండకు ఇంజెక్షన్ చేయొద్దు, రక్తం గడ్డకట్టని మనిషికి సూది పడ్డచోటే రక్తం గూడుకడుతుంది. చొంగ కారుతుంటే ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టండి. ఏ టైముకి కరిచిందో చీటీ మీద రాసివ్వండి. అంబులెన్సు ఆలస్యమైతే మోటార్ సైకిలైనా సరే, మధ్యలో కూర్చోబెట్టి వెనక ఒకరు పట్టుకుని బయలుదేరండి.

కాటు పడకుండా చూసుకోవడానికి, నేల మీద పడుకునేవాళ్లు దోమతెర చాప కిందకి దోపి పడుకోండి. కట్లపాముకి దీన్ని మించిన అడ్డు నేను చూళ్లేదు. ధాన్యం బస్తాలు, పిడకలు పడక దగ్గర పెట్టొద్దు. బస్తాల దగ్గరకి ఎలుకలు, ఎలుకల వెనకే అవి. రాత్రి చేలోకి నీళ్లు పెట్టడానికి వెళ్తే టార్చిలైటు, బూట్లు.

కాటు పడిన కాలు కదలకుండా, బిగించకుండా, బద్దల ఆసరాతో ఎలా కట్టాలో మాటల్లో చెబితే అర్థం కాదు. రెండు వెదురు బద్దలు, నాలుగు తువ్వాళ్లు తెచ్చాను. ఆశా అక్కల్లో ఇద్దరు ముందుకు రండి, కాటు తిన్న మనిషిగా నేను ఈ బల్ల మీద పడుకుంటాను.