గీత గీసినంత మాత్రాన దారి కాదు

సభకు నమస్కారం.

రద్దీ వీధిని మళ్లీ మొదటినుంచి తీర్చిదిద్దే అవకాశం ఏ నగరానికైనా ఎన్నో ఏళ్లకొకసారి గానీ రాదు. కాబట్టి సైకిల్ దారికి చోటు నక్షా దశలోనే దొరకాలి. తారు పోసి, స్తంభాలు నాటాక ఇక దొరకదు.

చోటెక్కడుందని చాలామంది అడుగుతారు. మూడున్నర మీటర్ల వెడల్పున్న వాహనాల వరుసలు నాలుగున్న వీధిలో ఒక్కొక్కదాన్ని 3 మీటర్లకు తగ్గిస్తే 2 మీటర్లు మిగులుతాయి. ఒక వైపు దారికి అది చాలు. రెండో వైపుకు పార్కింగ్‌లోంచే తీసుకోవాలి, ఆ సంగతి దుకాణదారులకు ముందే చెప్పడం న్యాయం.

ఇక ఆగిన కార్ల పక్కన తెల్ల గీత గీసి దాన్నే సైకిల్ దారి అనడాన్ని నేను ఒప్పుకోను. కారులోని మనిషి వెనక్కి చూడకుండా తలుపు తెరిస్తే, సైకిల్ మీది మనిషి దానికి గుద్దుకుని పడేది బస్సు ముందే. అదే పార్కింగ్‌ను రోడ్డు వైపుకు జరిపి, మధ్యలో తలుపు తెరుచుకునేంత ఖాళీ వదిలి, సైకిల్ దారిని కాలిబాట పక్కకు తెస్తే, ఆగిన కార్లే అడ్డుగోడ అవుతాయి.

అసలు పరీక్ష కూడలి దగ్గర. మూల మీద చిన్న దిమ్మె కట్టి, సైకిళ్లు దాటే చోటును కూడలి నుంచి ఒక కారు పొడవంత పక్క వీధి లోపలికి జరిపితే, మలుపు తిరిగే డ్రైవర్ వేగం తగ్గించక తప్పదు. సైకిల్ అతని కళ్లెదుటే, దాదాపు అడ్డంగా కనిపిస్తుంది. నెదర్లాండ్స్ కూడళ్లలో ఎక్కువగా కనిపించే అమరిక ఇదే. ఆ దేశంలో 1971లో రోడ్డు ప్రమాదాలు 3,000 మందికి పైగా ప్రాణాలు తీశాయి, వారిలో 400 మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చి నిలదీశారు, 1973లో చమురు సంక్షోభం తోడైంది. ఆ తర్వాతే అక్కడి వీధుల రూపం మారడం మొదలైంది.

బస్టాప్ వద్ద సైకిల్ దారి, ప్రయాణికులు నిలబడే అరుగు వెనకగా సాగాలి. చిన్నదే అయినా ఒకటి మరవకండి: వాననీటి జాలీ పట్టీలు సైకిల్ వెళ్లే దిశలోనే ఉంటే సన్నని చక్రం సందులో దిగిపోతుంది. గుత్తేదారు వాటిని బిగించే రోజున ఇంజనీరు అక్కడ ఉండి, అడ్డంగా పెట్టించాలి.