గ్రామఫోను ప్లేట్లు కంప్యూటర్‌లోకి

శ్రోతలకు నమస్కారం.

నాటక పద్యాలు, హరికథలు, ఘంటసాల గారి భగవద్గీత ఎల్పీ, అంటే ఎక్కువసేపు పాడే ప్లేటు... ఇలాంటి ప్లేట్లు చాలా ఇళ్లలో ఇంకా అటక మీదే ఉన్నాయి. ప్లేయరు, కంప్యూటరు ఉంటే వాటిని ఇంట్లోనే ఫైళ్లుగా మార్చుకోవచ్చు.

ముందు ఏ ప్లేటో చూడండి. బరువుగా, పెళుసుగా ఉండి, ఒక్కో వైపు మూడు నిమిషాల చొప్పున పాడేవి నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత 78 స్పీడు ప్లేట్లు. వాటిలో లక్క ఉంటుంది. స్పిరిటుతో తుడిస్తే కరుగుతుంది, ఆ పని అస్సలు చేయకండి. కాస్త తడిపిన మెత్తటి గుడ్డతో, గాడి వెంబడే తుడవండి. కాగితం లేబుల్ తడవనివ్వకండి. ముల్లు కూడా వేరే ఉండాలి. ఎల్పీ ముల్లు సన్నం. 78 ప్లేటు మీద పెడితే గాడి అడుక్కి దిగి, గరగర ఎక్కువ పట్టుకుంటుంది.

ప్లేయరు నుంచి వైరు తెచ్చి నేరుగా కంప్యూటరుకి గుచ్చితే పీలగా, కీచుగా వినిపిస్తుంది. దానికి కారణం ఉంది. ప్లేటు కోసేటప్పుడే, గాడి మరీ వెడల్పు కాకుండా మంద్రస్థాయి తగ్గిస్తారు, గరగర తక్కువ వినిపించేలా తారస్థాయి పెంచుతారు. దాన్ని తిరిగి సరిచేసేది ఫోనో ప్రీఆంప్ అనే పరికరం. కొన్ని ప్లేయర్లలో అది లోపలే ఉంటుంది, లేకపోతే విడిగా కొనాలి.

రికార్డు చేయడానికి ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేరు చాలు, ఉచితమే. పాటలో అన్నిటికంటే పెద్ద శబ్దం వచ్చే చోట మీటరు మైనస్ 6 డెసిబెళ్లు దాటకుండా చూసుకోండి. హద్దు మీరి పగిలిన గొంతుని తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచేయలేదు. 24 బిట్ల వేవ్ ఫైలుగా దాచండి. ఎంపీ3 ఫోనులో వినడానికి సరే, భద్రపరచడానికి పనికిరాదు.

నేను గట్టిగా కోరేది ఒకటి. మొదట ఎక్కించిన ఫైలుని ముట్టుకోకండి, చిటపటలు తీసేది దాని నకలు మీదే చేయండి. రొద తీసే మీట చూస్తే ఇంకొంచెం, ఇంకొంచెం అని తిప్పాలనిపిస్తుంది. రొదతో పాటు తంబురా శ్రుతి పోతుంది, మృదంగం దెబ్బలో పదును పోతుంది, పాడేవారి ఊపిరి పోతుంది. కాస్త గరగర మిగిలినా నాకు ఆ గొంతే కావాలి.

లేబుల్ ఫొటో తీసి, దాని పక్కన చెక్కిన నంబరు రాసుకుని ఫైలుతోనే ఉంచండి. ఆ నంబరు లేకపోతే పాడిందెవరో తేల్చడం మీ పిల్లలకు కష్టమవుతుంది. ఫైళ్లు రెండు చోట్ల పెట్టండి. ప్లేట్లు మాత్రం పారేయకండి, ఎండ తగలని చోట నిలువుగా పేర్చి ఉంచండి.

నమస్కారం.