పిచ్ చెడితే కోత ఎవరికి? – ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. దేశవాళీ క్రికెట్‌లో నాసిరకం పిచ్ సిద్ధం చేసిన జట్టుకు పాయింట్లు కోయడం న్యాయమా, కాదా అన్నది ఈ రోజు మన విషయం. మీ సందేహాలు తీర్చడానికి చాలాకాలం అంపైరుగానూ, ఆ తరువాత మ్యాచ్ రెఫరీగానూ పనిచేసిన పెద్దలు స్టూడియోలో ఉన్నారు. మొదటి ఫోన్ విజయనగరం జిల్లా నుంచి. చెప్పండి సార్.

శ్రోత: నమస్కారమండీ. మా ప్రాంతంలో జరిగే రెండు రోజుల లీగ్‌కు నేను కార్యదర్శిని. మొన్న ఒక మ్యాచ్ రెండో రోజు భోజన విరామానికి ముందే ముగిసింది. నాలుగు ఇన్నింగ్స్‌లలో ఒక్కటీ 90 దాటలేదు. ఆతిథ్య జట్టు పాయింట్లు కోయాల్సిందేనని ఓడినవాళ్లు అర్జీ ఇచ్చారు. గెలిచినవాళ్లేమో, మేమూ ఆ పిచ్ మీదే ఆడాం కదా అంటున్నారు. నా దగ్గర స్కోరుబుక్కు తప్ప వేరే ఆధారం లేదు. ఏం చేయమంటారు?

అతిథి: ముందు ఆ స్కోరుబుక్కు మూసి పక్కన పెట్టండి. 2010 నవంబరులో జైపూర్‌లో మన హైదరాబాద్ జట్టు రంజీ మ్యాచ్‌లో 21 పరుగులకే ఆలౌట్ అయింది. రంజీ చరిత్రలోనే అది అతి తక్కువ స్కోరు. అదే మొదటి రంజీ మ్యాచ్ ఆడుతున్న రాజస్థాన్ బౌలర్ దీపక్ చాహర్ 10 పరుగులిచ్చి 8 వికెట్లు తీశాడు. ఆ అంకె ఒక్కటే చూసినవాడు పిచ్‌ను తిట్టిపోస్తాడు. కానీ అదే పిచ్ మీద రాజస్థాన్ 400 దాటింది. వికెట్లు పడినంత మాత్రాన పిచ్ చెడ్డదని తీర్పు చెప్పకూడదనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

మీరు తెలుసుకోవలసింది వేరే ఉంది. ఒకే బౌలర్ ఒకే చోట వేసిన రెండు బంతుల్లో ఒకటి చీలమండ ఎత్తులో జారిపోయి, ఇంకొకటి గొంతు దాకా లేచిందా? మొదటి గంటలోనే బౌలర్లు ఎక్కువగా బంతి వేసే గుడ్ లెంగ్త్ చోట మట్టి పెళ్లలుగా ఊడి, బంతి పడ్డప్పుడల్లా దుమ్ము లేచిందా? బంతి తిరగడం తప్పు కాదు. మొదటి రోజే తిరిగినా నేను తప్పు పట్టను. ఎంత ఎత్తుకు లేస్తుందో బ్యాట్స్‌మన్‌కు అంతుపట్టకపోవడం మాత్రం తప్పే. ఇద్దరు అంపైర్లనూ ఒకరి కాగితం ఒకరు చూడకుండా విడివిడిగా రాసివ్వమనండి. ఆ పిచ్ మీద మళ్లీ నీళ్లు చల్లి రోలర్ తిప్పకముందే మీరు స్వయంగా వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని చూడండి. వేలితో గీరితే పైపొర పొడిలా రాలుతూ, అంగుళం లోతున తడి తగిలితే, పైన ఆరింది కానీ లోపల గట్టిపడలేదని అర్థం. అది తొందరపడి చేసిన పని కావచ్చు, కావాలని చేసిన పనీ కావచ్చు.

శ్రోత: అలా తేలితే పాయింట్లు కోయవచ్చా?

అతిథి: మీ లీగ్ నిబంధనల్లో కోత ఉందా?

శ్రోత: లేదండీ.

అతిథి: అయితే ఈసారికి కోయవద్దు. ఆట ముగిశాక రాసిన నిబంధనతో శిక్ష వేస్తే అది పంచాయితీ అవుతుంది కానీ న్యాయం కాదు. వచ్చే సీజన్‌కు రాసుకోండి.

వ్యాఖ్యాత: రెండో శ్రోత ఇంగ్లండ్ నుంచి మాట్లాడుతున్నారు.

శ్రోత: నమస్తే అండీ. నేను పదేళ్లుగా సోమర్‌సెట్ కౌంటీలో ఉంటున్నాను. ఇక్కడి టాంటన్ మైదానం స్పిన్నర్లకు బాగా అనుకూలించిన రోజుల్లో దానికి ‘సైడరాబాద్’ అని పేరు పెట్టారు. ఇక్కడ సైడర్ అనే ఆపిల్ మద్యం ప్రసిద్ధి. దాన్ని మన హైదరాబాద్‌తో కలిపారు. ఈ మైదానం పిచ్ నాసిరకమని మా సోమర్‌సెట్ జట్టుకు 2019లో వేసిన శిక్ష అన్యాయమని నా బాధ. ఇండియాలో అయితే అలాంటి పిచ్‌ను ఎవరూ పట్టించుకోరు.

అతిథి: పేరు ముద్దుగానే ఉంది. మీ బాధ నాకు అర్థమవుతుంది, కానీ మీతో ఏకీభవించను. అది సీజన్ చివరి మ్యాచ్. సోమర్‌సెట్ గెలిస్తేనే ఇంగ్లండ్ దేశవాళీ టైటిల్ అయిన కౌంటీ ఛాంపియన్‌షిప్ దక్కే స్థితి. ప్రత్యర్థి ఎసెక్స్ మాత్రం ఓడకుంటే చాలు, టైటిల్ దానిదే. చరిత్రలో ఒక్కసారీ ఆ టైటిల్ గెలవని జట్టు, ఫలితం తప్పనిసరైన వారంలో, మొదటి రోజు నుంచే స్పిన్నర్ల చేతిలోకి వెళ్లిపోయే పిచ్ పెట్టింది. ఆటలో సగానికి పైగా వాన మింగేసింది, మ్యాచ్ డ్రా అయింది, టైటిల్ ఎసెక్స్ పట్టుకుపోయింది. తరువాత సోమర్‌సెట్‌కు 24 పాయింట్ల కోత పడింది, అందులో 12 పాయింట్ల కోతను మళ్లీ తప్పు చేస్తేనే అమలయ్యేలా నిలిపి ఉంచారు. ఆడి లాభపడని పిచ్‌కు శిక్ష ఏమిటని మీరు అడగవచ్చు. దొంగతనం ఫలించలేదు కాబట్టి దొంగ కాదనగలమా?

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టేది 1989 నాటి ఎసెక్స్ కథ. సౌత్‌ఎండ్‌లో పిచ్ ప్రమాణానికి తగ్గట్టు లేదని ఆ జట్టుకు 25 పాయింట్లు కోశారు. సీజన్ చివర వోర్సెస్టర్‌షైర్ కేవలం 6 పాయింట్ల తేడాతో ఛాంపియన్ అయింది. సౌత్‌ఎండ్ ఎసెక్స్ సొంత మైదానం కూడా కాదు. ఏడాదికి కొద్ది రోజులు ఆడే పార్కు. వేసవంతా చెమటోడ్చిన పదకొండు మంది టైటిల్‌ను, వాళ్లు ఎన్నడూ తడపని నేల ఎగరేసుకుపోయింది. అందుకే నా లెక్క ఇది: కావాలని చెడగొట్టినట్టు తేలితే పాయింట్లు కోయాలి, చేతకాక చెడితే ఆ మైదానానికి మ్యాచ్‌లు ఆపేయాలి. 2009 డిసెంబరులో ఢిల్లీ కోట్లా మైదానంలో పిచ్ ప్రమాదకరంగా ఉండి శ్రీలంకతో వన్డే 23.3 ఓవర్లకే ఆగిపోయినప్పుడు ఐసీసీ చేసింది ఈ రెండో పనే.

ఇండియాలో పట్టించుకోరన్నారు. అది సరికాదు. సొంత గడ్డపై అనుకూలమైన పిచ్‌ల బెడద వదిలించుకోవడానికి 2016-17లో రంజీ మ్యాచ్‌లన్నీ తటస్థ వేదికల్లో, అంటే రెండు జట్లకూ సొంతం కాని మైదానాల్లో పెట్టారు. తలనొప్పికి తల తీసినట్టయింది; మరుసటి ఏడాదే మానుకున్నారు. దానికంటే అదే 2016లో ఇంగ్లండ్ చేసిన ఏర్పాటు తెలివైనది. ముందు బౌలింగ్ చేస్తారా అని అతిథి జట్టును అడిగేవారు. వద్దంటేనే టాస్ వేసేవారు. బౌలర్లకు సాయపడే పచ్చిక వదిలేస్తే మొదట దెబ్బ తినేది తామేనన్న భయం ఆతిథ్య జట్టుకు ఉండేది. నాలుగు సీజన్ల తరువాత దాన్నీ తీసేశారు. నన్నడిగితే ఉంచాల్సింది. విజయనగరం కార్యదర్శి గారు వింటుంటే, మీ లీగ్‌లో దీన్ని పైసా ఖర్చు లేకుండా పెట్టుకోవచ్చు.

వ్యాఖ్యాత: బ్యాట్స్‌మన్ నిద్రపోతూ సెంచరీ కొట్టే పిచ్ సంగతేమిటి?

అతిథి: అదీ నాసిరకమే. రంజీలో పూర్తి విజయానికి 6 పాయింట్లు, డ్రాలో మొదటి ఇన్నింగ్స్ ఆధిక్యానికి 3. చచ్చిన పిచ్ మీద 500 కొట్టి 3 పాయింట్లు జేబులో వేసుకునేవాళ్ల మీద ఫిర్యాదు రాసే మనిషిని నేను అరుదుగా చూశాను.

వ్యాఖ్యాత: ఆఖరి ఫోన్, కరీంనగర్ వైపు నుంచి.

శ్రోత: నమస్కారం సార్. నేను ఒక మైదానంలో పిచ్ పని చేస్తాను. మ్యాచ్‌కు నాలుగు రోజుల ముందు కెప్టెన్ వచ్చి, ఒక చివర నీళ్లు పెట్టొద్దు, అక్కడ రోలర్ కూడా తిప్పొద్దు అన్నాడు. నేను వద్దంటే క్లబ్బు పెద్దలతో చెప్పించాడు. తీరా గొడవ అయ్యాక అందరూ నన్నే చూపిస్తున్నారు. నా సంగతి ఏమిటి సార్?

అతిథి: అయ్యా, ఈ కార్యక్రమం మొదట్లోనే మీరు మాట్లాడి ఉంటే బాగుండేది. మ్యాచ్ మొదలయ్యే దాకా పిచ్ బాధ్యత మైదానం యాజమాన్యానిది, మొదలయ్యాక అంపైర్లది అని క్రికెట్ నియమాల్లోనే ఉంది. యాజమాన్యం అంటే మీరు ఒక్కరే కాదు. ఇక నుంచి ఒక నోటుబుక్కు పెట్టండి. ఏ రోజు ఎన్ని గంటలకు నీళ్లు పెట్టారు, రోలర్ ఎన్ని నిమిషాలు తిప్పారు, గడ్డి ఎంత ఎత్తున కోశారు, ఎవరు వచ్చి ఏమన్నారు, అన్నీ తేదీతో రాయండి. మాట అన్నవాళ్లనే ఆ పక్కన సంతకం చేయమని అడగండి.

శ్రోత: సంతకం పెట్టరు సార్.

అతిథి: పెట్టరు. కానీ అడిగాక సగం మంది ఆ మాట వెనక్కి తీసుకుంటారు. మిగతావాళ్ల పేరు పక్కన ‘సంతకం చేయలేదు’ అని రాయండి. మ్యాచ్ ఉదయం అంపైర్లకు ఆ పేజీ చూపించండి.

శ్రోత: బుక్కు క్లబ్బునే అడిగి తీసుకోమంటారా సార్?

అతిథి: వద్దు, మీరే కొనుక్కోండి. క్లబ్బు ఇచ్చిన పుస్తకం గొడవ వచ్చిన రోజున క్లబ్బు బీరువాలోనే ఉంటుంది.