ఎర్ర పుల్లలన్నీ క్షయ కాదు

వేదిక మీది పెద్దలకు, వెనక వరుసల్లో ఫోన్లు చూసుకుంటున్న పిల్లలకు నమస్కారం. 1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ క్షయ క్రిమి గురించి ప్రకటించాడు, అందుకే ఈ రోజు సభ. ఆ సంగతి డాక్టరు గారు చెప్పేశారు. నాకిచ్చిన పది నిమిషాల్లో మా బాబాయి గురించి చెబుతాను.

వయసులో ఉన్నప్పుడు ఆయనకు టీబీ వచ్చి తగ్గింది. చాలా ఏళ్లకు మళ్లీ దగ్గు. తెమడ స్లైడుకు రంగు వేసింది నేనే. నీలం మీద ఎర్రటి పుల్లల్లాంటి క్రిములు. ‘పాజిటివ్, టూ ప్లస్’ అని, అంటే క్రిములు బాగానే ఉన్నాయని, నా చేత్తోనే రాశాను. ఆరు నెలలు మందులు వాడాడు, తగ్గలేదు. మళ్లీ ఎనిమిది నెలలు, అందులో రెండు నెలలు స్ట్రెప్టోమైసిన్ సూదులు. ఆ సూదులకు చెవులు పోయాయి. స్లైడు మాత్రం పాజిటివే.

ఇక అందరిదీ ఒకటే మాట, మాత్రలు మింగకుండా పారేస్తున్నాడని. ఆసుపత్రిలో అన్నారు, వీధిలో అన్నారు. నేనూ అడిగాను, “నిజం చెప్పు బాబాయ్” అని. మర్నాడు ఒక సీసా తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. ఆయన మూత్రం. “మింగకపోతే ఇంత ఎర్రగా ఎలా వస్తుందే?” అన్నాడు. టీబీ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ మింగితే అలాగే వస్తుంది. నాకు తెలియని విషయమా అది!

చివరికి పెద్ద ల్యాబులో కల్చర్ పెడితే, అంటే తెమడలోని క్రిమిని పెంచి చూస్తే, వారం తిరక్కుండానే పెరిగింది. క్షయ క్రిమికి వారాలు పడుతుంది కదా. జన్యు పరీక్షలో పేరు తేలింది, మైకోబ్యాక్టీరియం అబ్సెసస్. క్షయ క్రిమికి దాయాది, నీళ్లలో మట్టిలో బతికేది. ఈ వంశం వాటన్నిటికీ మైనపు పొర ఉంటుంది, ఎర్ర రంగు పట్టిందంటే వదలదు. అందుకే మైక్రోస్కోపులో అన్నీ ఒకటే. టీబీ మందులకు మాత్రం ఇది లొంగదు.

ఇక్కడ ల్యాబ్ టెక్నీషియన్లు ఎంతమంది? చేతులెత్తండి. మీకే చెబుతున్నాను. క్రిమి జన్యువును పట్టుకునే మెషీన్లు మా రోజుల్లో లేవు. ఇప్పుడు మీ దగ్గర సీబీనాట్ ఉంది, గోవాలో తయారయ్యే ట్రూనాట్ ఉంది. సీబీనాట్ అయితే రెండు గంటల్లోపే క్షయ వర్గపు జన్యువు ఉందో లేదో, రిఫాంపిసిన్ పనిచేస్తుందో లేదో చెబుతుంది. స్లైడేమో టూ ప్లస్, మెషీనేమో క్షయ లేదంటుంది. అప్పుడు మెషీన్ తప్పని పక్కన పెట్టేయకండి. ఇంకో తెమడ తీసుకోండి, కల్చర్‌కు పంపండి, లైన్ ప్రోబ్ అనే జన్యు పరీక్ష పట్టీ మీద గీతలు చూసి క్రిమి జాతి పేరు రాయమనండి. అయితే సీబీనాట్‌కూ ఒక హద్దుంది. పశువుల క్షయ క్రిమి బోవిస్‌ను అది మామూలు క్షయ క్రిమి నుంచి విడదీయలేదు. ఆర్‌డీ9 అనే జన్యు ముక్క బోవిస్‌లో ఉండదు, దాన్ని వేరే పరీక్షలో చూడాలి. పిరాజినమైడ్ అనే టీబీ మందు బోవిస్ మీద పనిచేయదు కాబట్టి ఈ తేడా చిన్నదేం కాదు.

చీటీ వచ్చింది, ముగిస్తాను. మందులు మార్చాక బాబాయికి దగ్గు తగ్గింది, చెవులు రాలేదు. ఒక సాయంత్రం వెళ్లి, “తప్పయింది బాబాయ్” అన్నాను. వినపడలేదు. గట్టిగా అరిచి చెప్పాల్సి వచ్చింది. వీధి వీధంతా విన్నది.