మీగడ రంగా, ఇసుక రంగా?

తమ్ముడు: అందరికీ నమస్కారం. ఈసారి ఎపిసోడ్ నా గది గోడల గురించే. మీగడ రంగు, ఇసుక రంగు... ఈ రెండు షేడ్ల దగ్గర పది రోజులుగా ఆగిపోయాను. అందుకే అక్కని పిలిచాను. నిజంగా టెన్షన్‌గా ఉందక్కా.

అక్క: గోడ మీద వేసి చూశావా?

తమ్ముడు: పక్కపక్కనే వేశాను. మీగడ రంగు మరీ పసుపుగా ఉంది, ఇసుక రంగు గులాబీ కొడుతోంది. షేడ్ కార్డులో రెండూ అలా లేవు.

అక్క: పక్కపక్కన వేయడం వల్లే! పక్కనున్న రంగు తేడాని పెంచి చూపిస్తుంది. ఫ్రాన్స్‌లో షెవ్రల్ అని ఒక రసాయన శాస్త్రవేత్త ఉండేవాడు, గోబెలిన్స్ నేతశాలలో అద్దకాల పని చూసేవాడు. నల్ల దారం వెలవెలబోతోందని ఫిర్యాదులు వచ్చాయి. చూస్తే అద్దకంలో లోపం లేదు, పక్కన వేసిన దారాల వల్ల అలా కనిపిస్తోంది. 1839లో దీని మీద పెద్ద పుస్తకమే రాశాడు. నాకు చాలా ఇష్టమైన సంగతి ఇది.

తమ్ముడు: అయితే విడివిడిగా చూడాలా?

అక్క: అవును. రెండు పెద్ద తెల్ల అట్టలు తీసుకో, ఒక్కోదానికి ఒక్కో రంగు, రెండేసి కోట్లు. పూర్తిగా ఆరాక రోజుకొకటి చొప్పున గోడకి ఆనించు. గోడ మధ్యలో కాదు, కింద, నేలకి తగిలేలా. నీ నేల ఏ రంగు?

తమ్ముడు: ఎర్ర టైల్స్. ఎండ పడితే గదంతా ఎర్రగా అయిపోతుంది.

అక్క: ఇంకేం, ఆ ఎరుపు గోడ మీద పడుతుంది. ఇసుక రంగులో ఉన్న గులాబీ ఇంకా పైకి తేలుతుంది. నేనైతే మీగడ రంగే వేస్తాను.

తమ్ముడు: కానీ నేను ఆ గదిలో ఉండేది రాత్రిపూటే. బల్బు వెలుగు పసుపుగా ఉంటుంది.

అక్క: 2700 కెల్విన్ బల్బు అయ్యుంటుంది, డబ్బా మీద చూడు. అది వెలుగు రంగుని చెప్పే అంకె, తక్కువైతే పసుపు, పెరిగేకొద్దీ తెలుపు. ఆ వెలుగులో మీగడ రంగు ఇంకా పసుపెక్కుతుంది. 4000ది పెట్టి చూడు. బల్బు ఎప్పుడైనా మార్చుకోవచ్చు, టైల్స్ మార్చలేవు కదా.

తమ్ముడు: సరే, రేపే అట్టలు తెస్తాను. ఫోటో తీసి పంపనా?

అక్క: వద్దురా. ఫోన్ కెమెరా వెలుగుని బట్టి రంగుల్ని తనే సర్దేస్తుంది, అసలు ఛాయ తెలియదు. ఆదివారం చీకటి పడ్డాక నేనే వస్తాను. అట్టలు తీయకు.