పడని బావుల లెక్కలు

శ్రోతలకు నమస్కారం.

చమురు కోసం కొత్త చోట తవ్వే బావుల్లో ఎక్కువ భాగం పడవు. ఆ రంగంలో ఉన్నవాళ్లకు ఇదేమీ కొత్త సంగతి కాదు. నేల మీదైతే కోట్లు, లోతు సముద్రంలోనైతే వందల కోట్లు పెట్టి, మూడు నాలుగు కిలోమీటర్లు తవ్వుతారు. ఏమీ లేదని తేలాక సిమెంటు పోసి మూసేసి, రిగ్ విప్పుకుని వెళ్లిపోతారు. పేపర్లో వార్త కూడా రాదు, గ్యాస్ పడితేనే వార్త. ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ పడని బావుల గురించి. ఇంకా చెప్పాలంటే, వాటి కాగితాల గురించి.

బావిలో చమురు పడకపోయినా బోలెడు సమాచారం పడుతుంది. తవ్వుతున్నంతసేపూ కింది నుంచి రాతి పొడి పైకొస్తుంటుంది. దాన్ని కొన్ని మీటర్లకొకసారి సంచుల్లో పట్టి, లోతు రాసి పెడతారు. ముఖ్యమైన చోట్ల రాతిని నిలువు కడ్డీలా కోసి తీస్తారు, దాన్ని కోర్ అంటారు. తర్వాత తీగకు పరికరాలు కట్టి బావిలోకి దించుతారు. ఏ లోతులో ఉన్న రాయి కరెంటును ఎంత అడ్డుకుంటోంది, దానిలో శబ్దం ఎంత వేగంగా వెళుతోంది, రేడియోధార్మికత ఎంత ఉంది, ఇవన్నీ గీతలుగా రాసుకుంటారు. వాటిని లాగ్స్ అంటారు. ఒత్తిడి, వేడి కూడా కొలుస్తారు.

ఇక బావి తవ్వకముందే జరిగే సైస్మిక్ సర్వే సంగతి కోనసీమ వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. వరి కోతలయ్యాక పొలాల్లో బారుగా వైర్లు పరిచి, చిన్న చిన్న జియోఫోన్లు నేలలో గుచ్చి, పక్కన సన్నని బోర్లు వేసి మందు పేలుస్తారు. ఆ అదురు కింది రాతి పొరలకు తగిలి తిరిగొస్తుంది. తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందన్నదే రికార్డు. ఒక్క సర్వేలో ఇలాంటి పేలుళ్లు వేలల్లో ఉంటాయి.

మరి ఇదంతా ఎక్కడికి పోయింది? మన దేశంలో ఓఎన్‌జీసీ 1956లో కమిషన్‌గా ఏర్పడింది. ఆయిల్ ఇండియా 1959లో వచ్చింది. 1990ల్లో ప్రైవేటు కంపెనీలు, విదేశీ కంపెనీలు వచ్చాయి. చట్టం ప్రకారం భూమి లోపలి చమురూ, దాని గురించిన సమాచారమూ ప్రభుత్వానివే. కానీ టేపులూ కాగితాలూ మాత్రం ఏ కంపెనీవి ఆ కంపెనీ గోడౌన్లలోనే ఉండిపోయాయి. 1993లో చమురు, గ్యాస్ వెతుకులాటను చూసుకోవడానికి డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ హైడ్రోకార్బన్స్ పెట్టాక, అంటే అందరూ డీజీహెచ్ అనే ఆఫీసు వచ్చాక, కొంత క్రమం మొదలైంది. 1999లో నెల్ప్ అనే కొత్త లైసెన్సు విధానం కింద బ్లాకులు, అంటే చమురు వెతకడానికి మ్యాపు మీద గీసి ఇచ్చే ప్రాంతాలు, వేలం వేసినప్పుడు, ఆసక్తి ఉన్న కంపెనీల మనుషులు డేటా రూముకు వచ్చి, అక్కడ పెట్టినవి చూసి, కావలసిన ప్యాకేజీ కొనుక్కుని వెళ్లేవారు. ఏ బ్లాకు వేలానికి పెడితే దాని డేటాయే. పక్క బ్లాకులో ఏముందో చూడాలంటే కుదిరేది కాదు. భూమి లోపలి పొరలకేమో మనం గీసిన గీతలతో పనిలేదు.

ఈ గీతల గొడవ మన తీరంలోనే పెద్ద కేసయింది. కృష్ణా-గోదావరి సముద్ర బ్లాకుల్లో రిలయన్స్, ఓఎన్‌జీసీ పక్కపక్కన ఉన్నాయి. తమ వైపు గ్యాస్ అవతలి బావుల్లోకి వెళ్లిపోతోందని ఓఎన్‌జీసీ 2014లో ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. రెండు వైపుల డేటానూ ఒక్కచోట పెట్టి చూడటానికి అమెరికా నుంచి ఒక స్వతంత్ర కన్సల్టెంట్‌ను పెట్టుకోవాల్సి వచ్చింది. ఆర్బిట్రేషన్, అప్పీళ్లు అంటూ ఆ వివాదం ఏళ్ల తరబడి నడిచింది. ఎవరిది న్యాయమన్నది కోర్టుల పని. నాకు ఇందులో కనిపించేది వేరు. రెండు కంపెనీల లెక్కలనూ ఒకే బల్ల మీద పెట్టడానికి కోర్టు మెట్లెక్కాల్సి రావడమేమిటి?

పాత కాగితాల విలువ తెలియాలంటే రాజస్థాన్ వెళ్లాలి. బార్మేర్ ఎడారిలో ఒక బ్లాకును 1990ల్లో షెల్ కంపెనీ తీసుకుంది. తర్వాత స్కాట్లాండ్‌కు చెందిన కెయిర్న్ అందులో వాటా తీసుకుంది. షెల్‌కు నమ్మకం తగ్గి, 2002లో మిగిలిన వాటా కూడా కెయిర్న్‌కే అమ్మేసి వెళ్లిపోయింది. 2004 జనవరిలో అదే బ్లాకులో మంగళ అనే చమురు క్షేత్రం బయటపడింది. నేల మీద రెండు దశాబ్దాల్లో మన దేశంలో దొరికిన అతి పెద్దది అదే. షెల్ వాళ్లు తెలివితక్కువ వాళ్లని నేననను. అదే నేలను ఒకరు చదివితే ఒకలా, ఇంకొకరు చదివితే ఇంకోలా కనిపిస్తుంది. రెండోవారు చదవాలంటే మొదటివారి రికార్డు మిగిలి ఉండాలి.

చివరికి 2017 జూన్ 28న నేషనల్ డేటా రిపాజిటరీని ప్రారంభించారు. ఈ జాతీయ డేటా బ్యాంకును ఎన్‌డీఆర్ అంటారు. దేశంలోని 26 అవక్షేప బేసిన్ల (ఇసుక, బురద పొరలుగా పేరుకుని రాయిగా మారిన ప్రాంతాల) సమాచారం, సుమారు 160 టెరాబైట్లు, అందులో పెట్టామని అప్పట్లో చెప్పారు. ఆ 26లో మనకు బాగా తెలిసిన కృష్ణా-గోదావరి ఒకటి. తెలంగాణలోని ప్రాణహిత-గోదావరి, రాయలసీమలోని కడప బేసిన్ కూడా ఆ జాబితాలో ఉన్నాయి. అదే రోజు ఓఏఎల్‌పీ అనే కొత్త పద్ధతీ వచ్చింది. ప్రభుత్వం బ్లాకులు గీసి వేలం వేయడం కాకుండా, కంపెనీలే ఎన్‌డీఆర్‌లో డేటా చూసుకుని, తమకు నచ్చిన చోట బ్లాకు గీసుకుని, ఇది వేలానికి పెట్టండి అని అడగవచ్చు. డేటా బ్యాంకు లేకపోతే ఈ పద్ధతే లేదు.

కంప్యూటర్లు కొని, సాఫ్ట్‌వేర్ పెట్టించి, పాతవన్నీ స్కాన్ చేస్తే పనైపోయిందని చాలామంది అనుకుంటారు. అది సులువైన భాగం. సర్వే నంబరు, హద్దులు లేని దస్తావేజు చేతిలో ఉంటే ఎంత లాభమో, ఎక్కడ తీశారో తెలియని సైస్మిక్ టేపు ఉన్నా అంతే లాభం.

ఎక్కడ అన్న ఒక్క ప్రశ్నలో ఎన్ని చిక్కులున్నాయో చూడండి. మన దేశంలో పాత సర్వేలన్నీ జార్జ్ ఎవరెస్ట్ 19వ శతాబ్దంలో లెక్కగట్టిన భూమి ఆకారం మీద ఆధారపడ్డాయి. ఆ ఎవరెస్ట్ పేరే శిఖరానికి పెట్టారు. ఇప్పటి జీపీఎస్ ఇంకో లెక్క మీద నడుస్తుంది. పాత అక్షాంశ రేఖాంశాలను మార్చకుండా నేరుగా కొత్త మ్యాపు మీద పెడితే బావి వందల మీటర్లు జరిగిపోవచ్చు. కోనసీమలో అంత జరిగితే బావి పొలంలోంచి కాలవలోకో, పక్క ఊళ్లోకో వెళ్లిపోతుంది. కిందకు తవ్వే బావికి ఆ తేడా అంటే ఒక రాతి పొర పగులుకు ఇటు పక్కా, అటు పక్కా అన్నంత తేడా.

లోతుకూ ఇదే తిప్పలు. బావి లోతు 3,000 అని రాసి ఉంటుంది. మీటర్లా, అడుగులా? అడుగులైతే అది 914 మీటర్లే. సరే, మీటర్లే అనుకుందాం, ఎక్కడి నుంచి కొలిచారు? రిగ్ మీద మనుషులు నిలబడే వేదిక నుంచా, నేల నుంచా, సముద్ర మట్టం నుంచా? సముద్రంలో తేలే రిగ్ అయితే ఆ వేదిక నీటి మీద పాతిక మీటర్ల ఎత్తున ఉండవచ్చు. ఆ ఎత్తు రాసిన కాగితం పోతే, పక్క బావితో పోల్చేటప్పుడు పొరలన్నీ పాతిక మీటర్లు తప్పు చూపిస్తాయి. పేర్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒకే బావి ఒక రిపోర్టులో ఊరి పేరుతో, ఇంకోదానిలో మూడక్షరాల కోడ్‌తో, మరోచోట తవ్వకముందు అనుకున్న పేరుతో ఉంటుంది. మూడు వేరు వేరు బావులనుకుని మూడింటినీ జాబితాలో ఎక్కించేస్తాం. ఇది సాఫ్ట్‌వేర్ తేల్చే వ్యవహారం కాదు. ఆ రోజుల్లో ఫీల్డులో పనిచేసిన రిటైర్డ్ జియాలజిస్టులను కూర్చోబెట్టి అడగాల్సిందే. వాళ్లు ఉన్నప్పుడే అడగాలి.

టేపుల మాట కూడా చెప్పి ముందుకెళతాను. పాత అయస్కాంత టేపుల్లో పూతను అంటిపెట్టే జిగురు గాలిలోని తేమ పీల్చుకుని బంకలా తయారవుతుంది. అలాగే మెషీన్‌లో పెట్టి తిప్పితే పూత ఊడిపోతుంది, దానితో పాటు రికార్డూ పోతుంది. అందుకని వాటిని ముందు సుమారు 50 డిగ్రీల వేడిలో ఓవెన్లో పెట్టి ఆరబెడతారు. తర్వాత వెంటనే చదివి కొత్తదానిలోకి ఎక్కించేస్తారు. మన తీర ప్రాంతపు ఉక్కలో టేపులు ఏమవుతాయో ఊహించుకోవచ్చు. అది చదివే పాత మెషీన్ దొరకడం ఇంకో టెన్షన్.

ఇంత కష్టపడి మూసేసిన బావి కాగితం బాగు చేయడం ఎందుకంటే, కొత్త చమురు దొరకడం కోసమే కాదు. 1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడిలో బావి బద్దలై మంటలెగిశాయి. రెండు నెలలకు పైగా ఆరలేదు. చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేశారు. ఆ వేడి, ఆ హోరు అక్కడి పెద్దవాళ్లకు ఇప్పటికీ గుర్తే. కృష్ణా-గోదావరి బేసిన్‌లో కొన్ని లోతుల్లో ఒత్తిడి అసాధారణంగా ఉంటుంది. తవ్వేటప్పుడు బావిలో పోసే మడ్, అంటే ఆ చిక్కని బురద ద్రవం, ఎంత బరువుండాలో ముందే నిర్ణయించుకోవాలి. తేలికైతే గ్యాస్ తన్నుకొస్తుంది, మరీ బరువైతే రాయి పగిలి మడ్ అందులోకి పోతుంది. ఆ బరువు ఎంచుకోవడానికి పక్క బావిలో ఏ లోతులో ఎంత ఒత్తిడి కనిపించిందో తెలియాలి. ఆ పక్క బావి చమురు పడనిదైనా సరే, వేరే కంపెనీదైనా సరే, నలభై ఏళ్ల కిందటిదైనా సరే. పక్కన కాపురముండే ఊరి జనం ప్రాణాలు ఆ అంకె మీద ఆధారపడి ఉంటాయి. నన్నడిగితే ఎన్‌డీఆర్‌లో మొట్టమొదట శుభ్రం చేయాల్సినవి ఒత్తిడి రికార్డులే.

డేటా తెరిచినంత మాత్రాన కంపెనీలు వరస కడతాయనుకోవడం మాత్రం పొరపాటు. ఓఏఎల్‌పీ మొదటి రౌండులో, 2018లో, 55 బ్లాకులిచ్చారు. అందులో 41 వేదాంత అనే ప్రైవేటు కంపెనీకే వెళ్లాయి. మిగిలినవి ఎక్కువగా మన ప్రభుత్వ సంస్థలు తీసుకున్నాయి. ప్రపంచపు పెద్ద కంపెనీలు ఆ రౌండులో కనిపించలేదు. ధరలు, పన్నులు, అనుమతులు, ఇవన్నీ వేరే కథ. పైగా డేటా ఉన్నచోటే డేటా బ్యాంకు పనికొస్తుంది. మన బేసిన్లలో పెద్ద భాగం 2016 నాటికి అసలు సర్వేయే కాలేదు. అందుకే 2016 అక్టోబర్‌లో నేషనల్ సైస్మిక్ ప్రోగ్రామ్ మొదలుపెట్టి, అప్పటివరకు ఎవరూ చూడని చోట్ల 48,243 కిలోమీటర్ల పొడవున సర్వే గీతలు తీయాలని ఓఎన్‌జీసీకి, ఆయిల్ ఇండియాకు అప్పగించారు. ఏ కంపెనీ సొంత డబ్బు పెట్టి ఆ పని చేయదు. ప్రభుత్వమే చేయాలి.

నార్వే వాళ్లు డిస్కోస్ అనే ఉమ్మడి డేటా బ్యాంకును 1990ల మధ్యలోనే పెట్టుకున్నారు. ఖర్చు కంపెనీలూ ప్రభుత్వమూ కలిసి పంచుకుంటాయి. అక్కడ బావి డేటా మామూలుగా రెండేళ్లు గోప్యంగా ఉంటుంది, ఆ తర్వాత ఎవరైనా చూడవచ్చు. ఆ దేశపు ఈక్వినార్ కంపెనీ ఇంకో అడుగు ముందుకేసింది. ఉత్పత్తి ముగించి మూసేసిన వోల్వే అనే ఉత్తర సముద్రపు క్షేత్రం డేటాను 2018లో ఉచితంగా బయటపెట్టింది. సుమారు 40,000 ఫైళ్లు. ప్రపంచమంతటా పెట్రోలియం చదివే పిల్లలు దాని మీదే చెయ్యి తిప్పుకుంటున్నారు.

మనకు విశాఖపట్నంలో 2016లో పెట్టిన పెట్రోలియం విశ్వవిద్యాలయం ఉంది, కాకినాడ జేఎన్‌టీయూలో పెట్రోలియం ఇంజినీరింగ్ ఉంది. బావులు కూతవేటు దూరంలో ఉన్నాయి. ఆ పిల్లలు ఎక్కడో ఉత్తర సముద్రపు పొరల మీద లెక్కలు నేర్చుకుంటున్నారు. ఎన్‌డీఆర్ మొత్తం తెరవమని నేనడగడం లేదు. గోదావరి జిల్లాల్లో గ్యాస్ అయిపోయి మూసేసిన ఒక్క చిన్న క్షేత్రం చాలు. దాని సైస్మిక్, లాగ్స్, ఒత్తిడి రికార్డులు, పడిన బావులూ పడనివీ అన్నీ కలిపి, రిజిస్ట్రేషన్ ఫీజు లేకుండా వాళ్ల చేతిలో పెట్టాలి. ఏ బావి పేరు ఏదో, ఏ లోతు ఎక్కడి నుంచి కొలిచిందో తేల్చే పని కూడా వాళ్లే సగం చేసిపెడతారు.

నమస్కారం.